నర్సమ్మకు సెలవు

డెబ్బై ఎనిమిదిలో మత్తిగిరి ఆరోగ్య కేంద్రానికి బీపీ మిషన్ వచ్చిందని తెలిసి జనం తిరునాళ్లకు వచ్చినట్టు ఎగబడ్డారు, కానీ చెయ్యి చాపడానికి జంకారు. వాళ్ల భయం పోగొట్టాలని నర్సు కస్తూరి ముందుగా తన చేతికే పట్టీ కట్టుకుంది. నూట తొంభై!

"మిషన్ చెడిపోయింది," అంది గాభరాగా.

పాలు పోసే కెంపమ్మ చెయ్యి చాపింది. నూట ఇరవై. ఆమె వెనకున్నవాళ్లకూ సరిగ్గానే చూపింది.

"మిషన్‌కు ఏమీ కాలేదమ్మా! చూడి ఆవునైనా రెండు నెలలు పిండకుండా ఇడుస్తాము. మేము నిన్ను ఆదివారమైనా ఇడిసినామా?" అంది కెంపమ్మ.

కస్తూరి నవ్వబోయి బల్లమీద కూలబడింది. కెంపమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేట్టు అరిచింది:

"పోండప్పా, పోండి! ఈ పొద్దు మా నర్సమ్మ వట్టిపోయింది. పిండేదానికి ఎవురూ రాగూడదు!"