బొట్టు పెట్టిన కాలు

దాలమ్మకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. కాలు రుచి చూసిన సముద్రం మిగిలిన మొగుడి కోసం ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటేడు, పడవ ఇంజను ఫ్యాను తగిలి ఆమె మొగుడు ఎర్రన్న ఎడమ కాలు మోకాలి కింద తెగిపోయింది. శ్రీకాకుళంలో కృత్రిమ కాళ్ల క్యాంపులో కొత్త కాలిచ్చారు. రోజూ సబ్బునీళ్లతో తుడవాలని, నీడనే ఆరబెట్టాలని, ఉప్పునీరూ ఇసుకా తగలనివ్వొద్దని అక్కడి అమ్మాయి రెండుసార్లు చెప్పింది. ఏడో తరగతితో బడి మానేసిన దాలమ్మ ఆ మాటల్ని ఎక్కంలా వల్లె వేసుకుంటూ ఇంటికొచ్చింది.

వచ్చిన రోజే తప్పు చేసింది. కొత్త పడవకు పెట్టినట్టు ఆ కాలి బొటనవేలికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. అత్త కూర్మమ్మ చూసి చేపల తట్ట గుమ్మంలోనే దించేసింది.

"ఏటే ఇది? బొట్టెట్టిన పడవ ఒడ్డునుంటాదేటే? గంగమ్మకి మాటిచ్చీసినట్టే గదే!"

"ఇది కాలు గదా అత్తా, పడవేటి?"

"నీకూ నాకూ కాలే. ఆ తల్లికి తెలుస్తాదేటి?"

"ఊరుకోయే అమ్మా," అని నవ్వాడు ఎర్రన్న. "ఓ సుక్కాని కూడా కట్టీమను."

అందరూ నవ్వారు కానీ బొట్టు మాత్రం పోలేదు. ప్రతి ఉదయం దాలమ్మ తెగిన కాలి మోడు దూరే గిన్నెను లోపలంతా మెత్తటి గుడ్డతో తుడిచేది. మేజోడు ఉతికేది. మోడు ఎక్కడైనా ఎర్రబడిందేమోనని వేలితో తడిమి చూసేది. ఆఖరున బొటనవేలు రుద్దేది. రబ్బరులోకి ఇంకిన ఎరుపు అలాగే ఉండేది.

పదకొండో రోజు గిన్నెలో పెట్టిన గుడ్డకు తడి ఇసుక అంటుకొచ్చింది.

"మావా, రేవుకెల్లినావా?"

"నానెక్కడికెల్లగల్నే? గుంటనాడించుకుంటా మంచం దిగనేదు," అన్నాడు ఎర్రన్న, ఒళ్లో ఉన్న కూతుర్ని చూపిస్తూ.

ఆ పొద్దుగూకేసరికి కాలిని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలకు కట్టుకుంది. తెల్లారి తీస్తే కాలు అందులోనే ఉంది, పెట్టె అడుగంతా తడి. వాకిట్లో ఒంటి ఎడమ పాదం ముద్రలు. పక్కన కుడి పాదం లేదు, కర్ర గుచ్చిన గుర్తూ లేదు. అవి అలల దాకా వెళ్లాయి. తిరిగొచ్చినవి ఒక్కటీ లేవు.

ఈసారి కూర్మమ్మ కసరలేదు. గొంతు తగ్గించి, "ఒక్క పాలి నీల్లు సూపించీయే. మాట తీరిపోతాది" అంది.

నిండు నెలల కడుపుతో దాలమ్మ మిట్టమధ్యాహ్నం ఆ కాలిని పిల్లలా చంకనెత్తుకుని నీళ్లలోకి దిగింది. ఒక్క అల వచ్చి వేలిని తడిపింది. అంతే, వెనక్కి చూడకుండా ఇంటికొచ్చి మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, తుడిచి, నీడన పెట్టింది.

మూడు రోజులు గిన్నె పొడిగా ఉంది. బొట్టు కూడా చెరిగిపోయింది. దాలమ్మకు అన్నం సహించింది.

నాలుగో ఉదయం కాలు పెట్టెలోనే ఉంది. ఎర్రన్న మంచం మీద నిద్రపోతున్నాడు. దుప్పటి సర్దబోయిన దాలమ్మ చెయ్యి ఆగిపోయింది. అతని కుడి పాదం, సొంత పాదం, చీలమండ దాకా తడిసి ఉంది. వేళ్ల సందుల్లో ఇసుక. బొటనవేలి మీద పసుపు, దాని మీద కుంకుమ బొట్టు.

"నాను ఎట్టనేదే," అని కూర్మమ్మ మనవరాలి తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టింది.

దాలమ్మ సబ్బునీళ్లు తెచ్చి ఆ కాలినీ కడిగింది. ఎర్రన్న లేవలేదు. నిద్రలోనే, ఎవరో పిలిస్తే పలికినట్టు "వస్తన్నా" అన్నాడు.

మర్నాడే పుట్టింటివాళ్లు పూసపాటిరేగ నుంచి ఆటో తెచ్చి, వద్దంటున్నా వినకుండా కూతురితో సహా ఆమెను పురిటికి తీసుకుపోయారు. కూర్మమ్మ చీకటితోనే చేపలకు వెళ్లిపోతుంది. పొద్దున్న పూట ఎర్రన్న దగ్గర ఎవరూ ఉండరు.

ఎచ్చెర్ల దాటి ఆ రేవు వైపు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే, చివరి నీలం తలుపింట్లోకి ఒక్కసారి తొంగి చూడండి. కాలు తుడిచారా అని అడగక్కర్లేదు. ఎర్రన్న మంచం మీద ఉన్నాడో లేడో, అదొక్కటీ చూసి దాలమ్మకు కబురు చెప్పండి.