తడి కర్ర

“కర్ర ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా,” అంది అక్క, తడి చీర పిండుతూ.

“సాయంత్రం తెచ్చిచ్చేస్తానక్కా. ముష్టి వెదురు కర్రకి ఇంత రాద్ధాంతమా?”

“బట్టలు నీ నెత్తిమీద ఆరెయ్యనా మరి?”

“ముప్పయ్యేళ్ళొచ్చినా కర్ర కోసం కొట్టుకుంటారేం,” అంది తల్లి లోపలి నుంచి.

పెరట్లో రెండు గుంజల మధ్య అడ్డంగా పెట్టిన పొడవాటి దండెం కర్ర అది. చివర పేడు లేచి చీరలు చింపుతోందని అక్కే నీలం గుడ్డపేలిక చుట్టింది. తమ్ముడి కర్ర రాత్రి విరిగిపోయిందట. ఎక్కడని ఆమె అడగలేదు. వాడి చొక్కా నీచువాసన చెబుతూనే ఉంది. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే ఆఫీసులో చెప్పాలి. ఉక్రోషం కొద్దీ తడి చీరను నాలుగు మడతలేసి కర్రకు చుట్టబెట్టింది.

“ఇప్పుడు పట్టుకుపో, చూస్తా.”

ఆమె అటవీ ఆఫీసు పెట్టిన వాగు కాపలాదారు. దొంగ వలలు కోసెయ్యడం, ఒడ్డు కోసుకుపోకుండా నాటిన గడ్డిలో మేకలు పడకుండా చూడడం, నీటికుక్కల అడుగులు వెతకడం ఆమె పని. చేపలు తిని బతికే ఆ నున్నటి జంతువులు ఎన్నో ఏళ్ళకు మళ్ళీ ఈ వాగుకు వచ్చాయి. ఒడ్డు బొరియలో ఒకటి పిల్లల్ని పెట్టింది. పురిటింటికి వెళ్ళినట్టు ఆమె రోజూ వెళ్ళి చూసి వస్తోంది.

ఆ పొద్దున కర్ర గొడవయ్యాక వెళ్ళేసరికి, వాగులో మడుగంతా తెల్లగా కనిపించింది. దగ్గరికి వెళితే, అన్నీ వెల్లకిలా తేలిన చేపలు. వేలెడంతవి కూడా ఉన్నాయి. వాటి మధ్య తల్లి నీటికుక్క. కరెంటు పట్టినప్పుడు తన ముంగాలినే కొరుక్కుంది. పళ్ళు ఎముకలో దిగి అలాగే బిగుసుకుపోయాయి. బొరియలో రెండు పిల్లలు ఈల వేసినట్టు సన్నగా అరుస్తున్నాయి.

ఆమె కళేబరాన్ని గోనెసంచిలో వేసుకుని తిన్నగా చేపల కొట్టుకు వెళ్ళింది. కొట్టు మేనమామది. కుర్రాళ్ళకు తీగలిచ్చి వాగులో కరెంటు పెట్టించేది ఆయనే. సంచిని చేపలు కోసే చెక్క మీద బోర్లించింది.

“దీన్ని కూడా కోసి అమ్ము మామయ్యా.”

ఆయన కత్తి పక్కన పెట్టాడు. చెయ్యి తుడుచుకుని మరీ ఆమె జుట్టు పట్టుకుని, తలను ఐసుపెట్టె అంచుకేసి కొట్టాడు. ఆగి, ఇంకోసారి కొట్టాడు.

“వాగేమన్నా మీ నాన్న తవ్వించాడా? నోరు విప్పావో, ముందు లోపలికెళ్ళేది నీ తమ్ముడే.”

పక్క కొట్టువాడు ఒక్క క్షణం చూసి, మళ్ళీ తూకంలో పడ్డాడు.

నుదుటికి కట్టు కట్టుకుని సాయంత్రం ఆమె మళ్ళీ మడుగు దగ్గరికి వెళ్ళింది. రోజంతా మబ్బే, ఎండ పొడ లేదు. కరెంటు స్తంభం కింద తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఒక కొస మడుగులోకి వదిలిన తీగ, రెండో కొస కొక్కెంలా వంచి కర్ర చివర కట్టి ఉంది. పక్కనే నీలం గుడ్డపేలిక. చీర చుట్టిన మేర వెదురు ఇంకా నల్లగా, తడిగా ఉంది.

“ఒరేయ్, కర్ర తడిసుంది. దించు.”

“నుదురేమైందక్కా?” అన్నాడు వాడు, కర్ర ఎత్తుతూనే.

“మామయ్య కొట్టాడు. ముందు దించరా.”

వాడు చటుక్కున ఆమె వైపు తిరిగాడు. కొక్కెం దానంతటదే పైతీగను తాకింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. అలిసిపోయినవాడు కూలబడ్డట్టు వాడు ఒడ్డున కూర్చుని, పక్కకు ఒరిగాడు.

వాణ్ణి కాటికి సాగనంపిన మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు.

“కాలు జారి మడుగులో పడ్డాడని చెప్పమ్మా,” అన్నాడు మామయ్య మెత్తగా. “పోయినవాడి పరువైనా దక్కుతుంది.”

తల్లి కూతురి మొహంలోకి చూసింది. ఆమె అన్నం కలుపుతూనే ఉంది.

“కరెంటు దొంగతనం చేస్తూ పోయాడని చెబుతాను. కర్ర తడిపింది నేను. తీగ ఇచ్చింది నువ్వు. మూడూ చెబుతాను మామయ్యా.”

ఆయన లేచి కంచాన్ని తన్నాడు. అది గోడకు తగిలి, గిరగిరా తిరిగి ఆగింది. ఆయన వెళ్ళిపోయేదాకా తల్లి తలెత్తలేదు. తర్వాత నేలమీది మెతుకులు ఏరి, చెయ్యి కడుక్కుని, కూతురికి మారు వడ్డించింది.

“తిను. ఆఫీసు దాకా నడవాలిగా.”

పెరట్లో గుంజల మధ్య ఏమీ లేదు. గోడకు ఆనించిన కర్ర బాగా ఆరిపోయింది. దాని చివర సగం కాలిన నీలం పేలిక గాలికి కదులుతోంది.