నవ్వమని నేర్పింది మీరే

కామరాజుగారూ, మా చెల్లిని కువైట్ పంపింది మీరు. దాని పేరు లేకుండా చేసిందీ మీరే. ముప్పై నిండని ఆడదాన్ని ఇంటిపనికి పోనివ్వరని, ముప్పై దాటిన ముమ్మిడివరం తులసి పాస్‌పోర్టు మీద మా రాహేలు ఫోటో అంటించారు. రావులపాలెంలో బస్సెక్కిస్తూ మీరన్న మాట నేను విన్నాను.

"పోలీసు కనపడితే నవ్వమ్మా. పేరడిగితే తులసి అను. రాహేలు అన్నావో, జైలే."

"ఆయ్, బాబాయిగారండీ" అంది పిచ్చిది.

మరుసటేడు, 2003 వేసవిలో, యజమానులు ఫ్రాన్సు వెళుతూ పిల్లాణ్ణి ఎత్తుకోడానికి దాన్నీ తీసుకెళ్లారు. ఒకరోజు పొద్దున్నే కారులో ఏదో పాత ఊరు చూడబోయారు. కొండమీద ఊరు. మొన్న ఫోనులో చెప్పింది.

"అన్నీ రాతిళ్లేనన్నయ్యా. ఒక్కదానికీ సున్నం లేదు. గోడల నిండా పాచి. మన పేటలో అలాంటి గోడుంటే మొహం తిప్పుకుపోతారు, అక్కడ ఎగబడి ఫోటోలు తీసుకుంటన్నారు. కిటికీలకి మాత్రం ఎర్రపూల కుండీలు, ఎంత బాగున్నాయో!"

"నువ్వూ తిరిగేవా?"

"ఎక్కడ? పిల్లాడు నిద్రపోయేడని మా ఇద్దర్నీ కారులోనే ఉంచేసి పోయేరు. దిగొద్దన్నారు."

మిట్టమధ్యాహ్నం ఎదురింటి ముసలావిడ వచ్చి అద్దం తట్టిందట. నీళ్లసీసా ఇచ్చింది. అందుకుంటుంటే రాహేలు ముంజేతి మీద వాత కనబడింది. మేడం ఇస్త్రీపెట్టెతో పెట్టిన వాత. ముసలావిడ దాన్ని వేలితో చూపించి, చెవి దగ్గర ఫోను పెట్టినట్టు చెయ్యి పెట్టి, "పోలీస్?" అంది. ఆ ఒక్క మాటా ఇద్దరికీ తెలుసు.

తల ఊపితే చాలు, పోలీసులొచ్చేవారు. కానీ జైలన్నారు మీరు. ఇక్కడ మా దగ్గర వదిలెళ్లిన దాని కూతురు క్రిస్టీనాకి అప్పటికి నాలుగేళ్లు.

"ఏం చేసేవే?"

"నవ్వేనన్నయ్యా."

ఆవిడ మళ్లీ అడిగిందట. ఇది పళ్లన్నీ కనబడేలా నవ్విందట. ఆవిడ కాసేపు అనుమానంగా చూసి, వెళ్లి కుండీలకి నీళ్లు పోసుకుంది.

ఆ తర్వాత మళ్లీ కువైట్‌లో ఇంకో రెండేళ్లు. ఇంకో రెండు వాతలు. పోయిన నెల ఆ ఇంటి గోడ దూకి మన ఎంబసీలో పడింది. నువ్వెవరని అడుగుతున్నారు వాళ్లు. తులసి చూస్తే ముమ్మిడివరంలో రొయ్యల చెరువు గట్టున పని చేసుకుంటోంది. రాహేలు అనే మనిషి దేశం దాటినట్టు ఏ కాగితంలోనూ లేదు. రేషను కార్డు పంపాను, బాప్తిస్మం కాగితం పంపాను. చాలవన్నారు. ఆ పాస్‌పోర్టు మీదికి ఈ ఫోటో ఎలా వచ్చిందో తెలిసినవాడు చెప్పాలన్నారు.

తెలిసినవారు మీరు. మీ ఇంటికొస్తే కాఫీ ఇప్పించారు. "దేవుడున్నాడులే నతానియేలూ" అన్నారు. దేవుడు ఫోటో అంటించలేదు కామరాజుగారూ.

సోమవారం పదింటికి అమలాపురం పోలీసు స్టేషనుకి రండి. రాకపోతే పేట మొత్తం మీ వాకిట్లో కూర్చుంటాం, క్రిస్టీనాని ముందు కూర్చోబెట్టి. అంటించింది మీరేనని మీ చేత్తో రాయండి, సంతకం పెట్టండి. ఆ కాగితం లేనిదే అది విమానం ఎక్కలేదు. రాయండి.