నాలుగో ప్రయాణం

ఊరూరా తిరిగి పళ్లు పీకే ఒక వైద్యుడు నాలుగు వింత దేశాలు చూసొచ్చిన కథ అది. నూట యాభై ఏళ్లనాటి వెటకారపు నవల. దాని ముద్రణలన్నీ ఒకచోట పెట్టి ప్రదర్శన చేసే పని గ్రంథాలయం ఆమెకు అప్పగించింది. చిరిగిన పుస్తకాలు బాగుచేయడం ఆమె ఉద్యోగం. తోలు అట్టల తొలి ముద్రణ, జేబు పుస్తకం, రేడియో నాటకం, సినిమా పోస్టరు అన్నీ బల్లమీద పరిచేసరికి ఒక సంగతి బయటపడింది. పిల్లల ముద్రణలోనూ, ఆ తర్వాత వచ్చినవాటన్నిటిలోనూ మూడు ప్రయాణాలే ఉన్నాయి.

పిల్లల కోసం ఆ నవలను కుదించి రాసింది ఆమె తండ్రే. బడిపంతులు. బొమ్మలు వేసింది ఆయన ప్రాణస్నేహితుడు, ఆమెకు బొమ్మల బాబాయి. నాలుగో ప్రయాణాన్ని ప్రచురణకర్త కోసిపారేశాడని తండ్రి అందరికీ చెప్పాడు. అది నమ్మిన బాబాయి వెళ్లి ప్రచురణకర్త చొక్కా పట్టుకున్నాడు. మళ్లీ ఏ ప్రెస్సూ ఆయన్ని గడప తొక్కనివ్వలేదు. దుకాణాల బోర్డులు రాసుకుంటూ బతుకు ఈడ్చాడు.

ఆమె తొలి ముద్రణలో నాలుగో ప్రయాణం చదివింది. ఆ దేశపు రాజు ఎవరినీ ఏమీ అనడు. జనమే, తాము కరుస్తామని రాజు అనుకుంటాడేమోనన్న భయంతో, వైద్యుడి ముందు వరుసకట్టి గట్టి పళ్లు పీకించుకుంటారు. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యాహ్నందాకా కూడా నిలవలేదు.

ప్రదర్శనకని తండ్రి ఇచ్చిన పెట్టెలో పిల్లల ముద్రణ నమూనా ప్రతి దొరికింది. నాలుగో ప్రయాణం పొడవునా ఎర్ర పెన్సిలు గీతలు. పక్కన తండ్రి గుండ్రటి అక్షరాలు: 'ఎందుకైనా మంచిది. ప్రెస్సుకు పంపకముందే తీసేస్తున్నాను.' ఆ పేజీల్లో బాబాయి వేసిన అసలు బొమ్మలు ఆరు, అంటించినవి అంటించినట్టే ఉన్నాయి.

సాయంత్రం ఇంటికెళ్లి ఆ ప్రతి తండ్రి ఒళ్లో పెట్టింది.

"ఎవరు తియ్యమన్నారు నాన్నా?"

ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్లీ తుడిచాడు.

"ఎవరూ అనలేదమ్మా. అంటారేమోననుకున్నా. ఉద్యోగం కొత్త, నువ్వు చంటిపిల్లవి."

"మరి బాబాయి గొడవపడుతుంటే?"

"రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నా. చెప్పడానికి నోరు రాలేదు. ఈ పెట్టెలో ఇదుందన్నదే మర్చిపోయానే."

"ప్రదర్శన మొదటిరోజు ఆయన వస్తున్నాడు. అద్దాలపెట్టెలో ఇది పెడతాను. ఈలోగా నువ్వే చెప్పు."

ఆయన తలూపాడు గానీ వెళ్లలేదు. ప్రదర్శన రోజున బాబాయి చేతికర్రతో మెట్లెక్కి వస్తుంటే గుమ్మంలోనే ఆపి, నీళ్లు నమిలి నమిలి చివరికి చెప్పేశాడు. ఆమె నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది.

బాబాయి తిట్టలేదు. స్నేహితుడి మొహంకేసి కూడా చూడకుండా ఆమెవైపు తిరిగాడు.

"బొమ్మలున్నాయా తల్లీ?"

"ఆరూ ఉన్నాయి బాబాయ్."

"నాకిచ్చెయ్."

తండ్రి ఇచ్చిన పెట్టె ఇంకా గ్రంథాలయం రిజిస్టరులోకి ఎక్కలేదు; అందులోవి ఇంకా ఆయనవే. తండ్రివైపు చూసింది. "ఇచ్చెయ్యమ్మా," అన్నాడాయన, వినీ వినపడనట్టు.

ఆమె ప్రతిని తన గదిలోకి తీసుకెళ్లి, తడి అద్దుడు కాగితం పరిచి, జిగురు నానాక పల్చటి కత్తితో ఒక్కో బొమ్మనూ లేపింది. రెండు గంటలు పట్టింది. బాబాయి ఎదురుగా స్టూలు మీద కూర్చుని కన్నార్పకుండా చూశాడు. మూడోది ఊడి వచ్చినప్పుడు మాత్రం, "గీత బాగుండేది నాది," అన్నాడు.

అట్ట సంచిలో ఆరూ సర్దుకుని బయల్దేరాడు. తండ్రి వసారాలో బల్లమీద కూర్చుని ఉన్నాడు. బాబాయిని చూసి లేచి నిలబడ్డాడు. బాబాయి ఆగకుండా, కర్ర టకటకలాడించుకుంటూ మెట్లు దిగిపోయాడు.

ఆమె ప్రతిని తెచ్చి అద్దాలపెట్టెలో పెట్టింది. బొమ్మలుండిన చోట జిగురు మరకలు మిగిలాయి. కింద చీటీలో నాలుగో ప్రయాణాన్ని ఎవరు తీసేశారో, ఎవరూ అడగకుండానే తీసేశారని కూడా, రాసింది. తండ్రి వంగి చదువుకున్నాడు. మార్చమని అడగలేదు.

"ఇంటికెళ్దామా నాన్నా?"

"నువ్వెళ్లమ్మా," అన్నాడాయన. "కాసేపుండి వస్తా."