మూడుసార్లు ఎనభై రెండు

నేను ఒక నర్సు గడియారాన్ని. గోడకో మణికట్టుకో ఉండేదాన్ని కాదు. యూనిఫామ్ జేబు పైన పిన్నుతో గుచ్చితే తలకిందులుగా వేలాడతాను. ఎదుటివాళ్ళకి తిరగబడి కనిపిస్తాను. నన్ను పెట్టుకున్న మనిషి తలవంచి చూసినప్పుడు మాత్రం నిటారుగా ఉంటాను.

నాలో బ్యాటరీ లేదు. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. ఒకసారి పూర్తిగా తిప్పితే ముప్పై గంటలకు కాస్త తక్కువ నడుస్తాను. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఒక ఆడమనిషి ప్రాణం దీనిమీదే ఆధారపడింది.

నన్ను బిగించింది ఏదో ఫ్యాక్టరీలో, కంటికి భూతద్దం తగిలించుకున్న ఒకావిడ. నా సెకన్ల ముల్లుకి ఎర్రరంగు వేసింది. ఆ ముల్లు ఒక చుట్టు తిరిగేలోగా రోగి నాడి ఎన్నిసార్లు కొట్టుకుందో, ఎన్నిసార్లు ఊపిరి తీశాడో నర్సు లెక్కపెట్టాలి. కానీ నా అనుభవంలో మనుషులంతా నిమిషానికి ఇరవైసార్లే ఊపిరి తీస్తారు. పసివాళ్ళయినా, ఉబ్బసంతో రొప్పే ముసలివాళ్ళయినా, చార్టులో ఇరవయ్యే. లెక్కపెట్టే తీరిక ఎవరికీ ఉండదు. గడి ఖాళీగా ఉండకూడదు. అంతే.

నా మొదటి యజమానురాలు మేజర్ రాహేలు. సైన్యంలో నర్సు. కొండల మధ్య ఒక మిలిటరీ ఆసుపత్రిలో ఒకరోజు ఇరవై ఎనిమిది మంది జవాన్లను ఒకేసారి చేర్చారు. ఆవిడ నావైపు చూడకుండానే ఇరవై ఎనిమిది చార్టుల్లోనూ ఇరవై రాసింది. మూడో మంచంమీది కుర్రవాడు అప్పటికే నిమిషానికి ముప్పై ఆరుసార్లు ఎగశ్వాస పీలుస్తున్నాడు. ఆవిడ గుండెమీద వేలాడుతూ నేను చూశాను. సాయంత్రానికి ఆ మంచం ఖాళీ అయింది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ తరువాత రిటైరయ్యేదాకా ఒక్క ఊపిరి కూడా లెక్క తప్పలేదు.

రిటైరయ్యాక శ్రీకాకుళంలో ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరింది. కొత్త విద్యార్థినులు దీపాలు పట్టుకుని ప్రమాణం చేసే రోజున నన్ను తన జేబుమీంచి తీసి, క్లాసులో మొదట వచ్చిన నీరజ జేబుకి గుచ్చింది.

"రోజూ కీ ఇవ్వాలి. మరిచిపోతే ఇది నీకు అబద్ధం చెబుతుంది" అంది.

అది ఒక్కటే నాకు నచ్చలేదు. నేను ఆగిపోతాను గానీ అబద్ధం చెప్పను.

నీరజ నాలుగో ఏడాదికి వచ్చేసరికి ఆమెకి ఒకటే పట్టుదల. సైన్యంలో నర్సు కావాలి. వార్డులో రోగుల బంధువులు "ఏయ్ నర్సమ్మా, ఆ బకెట్ ఇలా జరుపు" అని కేకేసిన ప్రతిసారీ ఆ పట్టుదల ఒక మెట్టు పెరిగేది. సైన్యంలో నర్సు ఆఫీసరు. భుజాన నక్షత్రాలు. జవాన్లు సెల్యూట్ కొడతారు. దరఖాస్తు నింపేసింది. మేజర్ మేడమ్ సిఫారసు రాసి సంతకం పెట్టాల్సిన పేజీ ఒక్కటే మిగిలింది. గడువు మర్నాడు సాయంత్రం అయిదు. గడువుకి ముందురోజు నాలుగింటికి మేడమ్ రమ్మంది, నాలుగు ప్రశ్నలడిగి సంతకం పెడతానంది.

ఆ పొద్దున్న నీరజ పళ్ళు తోముకుంటూ కూడా జవాబులు బట్టీపట్టింది. "సైన్యంలో ఎందుకు చేరాలనుకుంటున్నారు?" "ప్రతి ప్రాణమూ నా బాధ్యత కాబట్టి." అద్దం ముందు ఏడుసార్లు చెప్పింది. నాకు కీ ఇవ్వడం మరిచిపోయింది.

పదింటికి గర్భసంచి ఆపరేషన్ అయిన గౌరమ్మని వార్డుకి తెచ్చారు. మత్తు దిగీదిగకముందే గౌరమ్మ నన్ను చూసి నవ్వింది.

"ఏటమ్మీ ఆ వాచీ? గబ్బిలంలాగ తలకిందులుగా ఏలాడతంది!"

"మిలిటరీ వాచీ పిన్నీ. నేనూ మిలిటరీకే వెళ్తున్నాను."

"నువ్వెల్లిపోతే నన్నెవులు సూస్తారు? నానింటికెల్లేదాకా ఉండు."

పదిన్నరకి నీరజ నిజంగానే లెక్కపెట్టింది. నాడి ఎనభై రెండు. అరగంటకోసారి చూడాలి. పది నలభై ఏడుకి నా ఎర్రముల్లు ఆగిపోయింది. గొంతు ఉంటే అరిచేదాన్ని.

వార్డులో ముప్పై నాలుగు మంచాలు, ఇద్దరు విద్యార్థినులు. పదకొండింటికి నీరజ గోడ గడియారం చూసి, పెదవులతో జవాబులు వల్లిస్తూ, పైగడిలోని అంకెనే కింద రాసింది. ఎనభై రెండు. బీపీ కూడా పైగడిలోదే. పదకొండున్నరకి ఎనభై రెండు. పన్నెండింటికి ఎనభై రెండు. మూడుసార్లూ నావైపు చూడలేదు.

"అమ్మీ, గొంతెండిపోతంది. సిన్న నీటిబొట్టు ఎయ్యవే" అంటూ గౌరమ్మ అటూ ఇటూ దొర్లింది.

"ఇప్పుడే తాగకూడదు పిన్నీ. కాస్త ఓర్చుకో."

పన్నెండుంబావుకి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చారు. పది నిమిషాల్లో గౌరమ్మ ఒళ్ళంతా చల్లబడి చెమటలు పట్టింది. నీరజ మణికట్టు పట్టుకుని తలవంచి నావైపు చూసింది. వేలి కింద నాడి దారంలా పరుగెడుతోంది. నా ఎర్రముల్లు కదలడం లేదు. ముళ్ళు పది నలభై ఏడు చూపిస్తున్నాయి. డాక్టరు కోసం కేకేసింది.

డ్యూటీ డాక్టరు భార్గవ్ పరుగెత్తుకొచ్చాడు. కొత్తవాడు. చార్టు లాక్కుని చూశాడు. "పన్నెండు దాకా ఎనభై రెండే! బీపీ కూడా స్టడీగా ఉంది. లోపల రక్తం పోతుంటే నాడి ముందే పెరగాలి. ఇది ఇంజెక్షన్ రియాక్షన్. అడ్రినలిన్ తీసుకురండి!"

నీరజ నోరు తెరిచింది. వార్డు ఇన్‌చార్జి సుగుణ సిస్టర్ ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. చూపు నామీద పడింది. అంతా అర్థమైపోయింది ఆవిడకి.

"నోరు మూసుకో" అని చెవిలో అంది. "చార్టు శుభ్రంగా ఉంది. నీమీదకి రాదు, నామీదకీ రాదు. సాయంత్రం మేడమ్ దగ్గరికి వెళ్ళాలా వద్దా?"

నీరజ గుండె నా వీపుకి తగులుతోంది. ఆగిపోయి ఉన్నా నాకు తెలిసింది. ఆమె నాడి కూడా గౌరమ్మ నాడితో పాటే పరుగెడుతోంది. భార్గవ్ సిరంజిలోకి మందు లాగుతున్నాడు.

"సార్, ఆగండి. ఆ అంకెలు నేను చూడకుండా రాశాను."

"ఏమిటి?"

"పదిన్నర తరువాత నాడి చూడలేదు సార్. బీపీ చూడలేదు. వాచీ ఆగిపోయింది, చూడండి. గంటనుంచి దాహం దాహం అంటోంది. నేనే పట్టించుకోలేదు."

భార్గవ్ సిరంజి వదిలేసి గౌరమ్మ పొట్టమీద చెయ్యి వేశాడు. గట్టిగా ఉబ్బి ఉంది. "థియేటర్‌కి ఫోన్ చెయ్యండి! రక్తం తెప్పించండి!" స్ట్రెచర్ చక్రాలు కీచుమంటూ వెళ్ళాయి. గౌరమ్మ చెయ్యి అంచునుంచి జారి ఊగుతోంది.

నాలుగింటికి నీరజ మేజర్ రాహేలు గదిలో నన్ను బల్లమీద పెట్టింది.

"కీ ఇవ్వడం మరిచిపోయాను మేడమ్."

"కీ ఒక్కటేనా?"

నీరజ అంతా చెప్పింది. మేడమ్ కదలకుండా వింది. "ఆవిడ?"

"ఇంకా థియేటర్‌లోనే."

"వెళ్ళు. ఆ తలుపు దగ్గరే కూర్చో."

నీరజ వెళ్ళాక మేడమ్ నన్ను చేతిలోకి తీసుకుని, పాత అలవాటుతో కీ తిప్పింది. నా ముల్లు కదిలింది. అప్పుడావిడ దరఖాస్తు ముందుకు లాక్కుని సిఫారసు గడిలో రాసింది. పక్కనే ఉన్నాను, చదివాను.

"తప్పు చేసిన పూటే, తనకు నష్టమని తెలిసే నిజం చెప్పింది. ఇలాంటి సమయంలో నాకు ఆ ధైర్యం లేకపోయింది. ఈమెను తీసుకోండి."

సంతకం పెట్టింది. మళ్ళీ చదువుకుంది. రెండో వాక్యం మీద ఆవిడ కళ్ళు ఎంతసేపు ఆగాయో నేను లెక్కపెట్టాను. నాలుగు నిమిషాలు. కొట్టేయబోయి కలం ఎత్తింది. కొట్టేయలేదు. కాగితాన్ని సొరుగులో పెట్టి, దానిమీద నన్ను పెట్టి, తాళం వేసింది.

మర్నాడు ఆయా వచ్చి గౌరమ్మ కళ్ళు తెరిచిందని చెప్పడం సొరుగులోంచి విన్నాను. నీళ్ళడిగిందట. ఇచ్చారట. సాయంత్రం నాలుగున్నరకి తలుపు దగ్గర నీరజ గొంతు వినిపించింది.

"మేడమ్, అరగంటే ఉంది."

నా కింద ఆ కాగితం ఉంది, ఆ రెండో వాక్యంతో సహా. దాని పైన నేను నడుస్తున్నాను, చేతనైనంత గట్టిగా.

"ఇవ్వలేనమ్మా" అంది మేడమ్.

"అడిగే హక్కు లేదని తెలుసు మేడమ్. అయినా అడిగాను."

అడుగులు దూరమయ్యాయి. మేడమ్ గది వదిలి వెళ్ళలేదు. ఆ నిశ్శబ్దంలో ఆవిడ ఊపిరి నాకు స్పష్టంగా వినిపించింది. నా ఎర్రముల్లు ఒక చుట్టు తిరిగేలోగా లెక్కపెట్టాను, ఆ మూడో మంచం దగ్గరలాగే.

ముప్పై ఆరు.