ఇరవై మూడో ఫైనల్

"పారిస్‌ల నీకెవలున్నరే?" అని అత్త తారాబాయి అడిగినప్పుడు ప్రమోదిని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పెళ్లయి మూడు నెలలు కాలేదు. పందొమ్మిది వందల డెబ్బై నాలుగు, జూన్ నెల. పుట్టింటి నుంచి వచ్చిన కవరులోని కాగితం ముక్క చదువుతూ చాటలో చేయి ఆపేసింది. అది ఉత్తరం కాదు, ఇంగ్లీషు పేపరు ముక్క. పారిస్‌లో మట్టి కోర్టు మీద జరిగే టెన్నిస్ పోటీల్లో క్రిస్ ఎవర్ట్ అనే అమెరికా పిల్ల గెలిచిందని అందులో ఉంది. ఆ పిల్లకు పందొమ్మిదేళ్లు. ప్రమోదినికీ పందొమ్మిదే.

"ఎవల్లేరు అత్తమ్మా."

"మరి గంత మురుస్తున్నవేందే? మీ అన్న గిట్ల ఫారిన్ పోయిండేమో అనుకున్న."

అన్న ఎక్కడికీ పోలేదు. సంగతంతా ఆమె తండ్రిది, బాపుది. ఆదిలాబాద్‌లో ఆయనది పత్తి వ్యాపారం. బొంబాయి ధరల కోసం ఇంగ్లీషు పేపరు తెప్పించుకుని, ధరలున్న మేరకు కత్తెరతో కోసి దాచుకునేవాడు. ఆ ధరల వెనక వైపు ఆటల పేజీ ఉండేది. చిన్నప్పుడు ప్రమోదినికి దొరికిన టెన్నిసంతా ఆ ముక్కల వెనకదే. కోసిన చోట వాక్యం తెగిపోయేది. ఎవరు గెలిచారో ఉండేది, ఎవరి మీద గెలిచారో ఉండేది కాదు. మిగతా సగం తనే ఊహించుకునేది. పెళ్లయ్యాక బాపు కత్తెరను రెండో వైపు తిప్పాడు. బిడ్డ కోసం ప్రతి జూన్‌లోనూ ఆటల పేజీని కోసి, ధరలు తెగిపోయినా ఊరుకుని, ఆమె అత్తగారి ఊరు పెద్దపల్లికి పోస్టులో పంపేవాడు.

ఆమెకు టెన్నిస్ అంతా అక్కర్లేదు. మట్టి మీది ఆట చాలు. గడ్డి మీద బంతి జారిపోతుంది, గట్టిగా కొట్టినవాళ్లదే రాజ్యం. మట్టి మీద బంతి కాస్త ఆగి, పైకి లేస్తుంది. ఎంత గట్టిగా కొట్టినా అవతలి మనిషి పరుగెత్తి తెచ్చి మళ్లీ ఇటే వేస్తుంది. పత్తి వ్యాపారిలా తొందరపడి సరుకు వదిలేసుకోకుండా కూచోగలిగిన వాళ్ల ఆట అది. పైగా ఆ ఎరుపు రంగు ఇటుక పొడిదని ఒక ముక్కలో చదివినరోజు ఆమెకు నవ్వాగలేదు. భర్త విద్యాసాగర్‌రావుది ఇటుక బట్టీయే. ఊరంతా పోసుకోవడానికి చోటులేక పారేసే పొడి అది. చెబితే ఆయన నవ్వలేదు.

"ఇంట్ల చాయ్‌పత్తి అయిపోయింది తెల్వదు గని, పారిస్‌ల ఎవలు గెలిచిండ్లో తెలుస్తది నీకు" అన్నాడు. ఆ మాట ఏటేటా అంటూనే ఉన్నాడు. చాయ్‌పత్తికి బదులు ఒక్కో యేడు చింతపండో, కిరసనాయిలో వచ్చేది, అంతే తేడా.

ఆ ఇంట్లో ఏళ్లను గోదావరి వరదతోనూ కరువుతోనూ గుర్తుపెట్టుకునేవారు. ప్రమోదిని లెక్క వేరు. బిడ్డ పుట్టింది ఎవర్ట్ మూడోసారి గెలిచిన యేడు. మామ పోయింది మండ్లికోవా గెలిచిన యేడు. బాపు పోయింది ఎవర్ట్ ఏడోసారి, ఆఖరుసారి గెలిచిన యేడు. ఆ తర్వాత పోస్టు రావడం ఆగిపోతే, పేపరు తనే వేయించుకుంది. ఎనభై ఎనిమిదిలో స్టెఫీ గ్రాఫ్ అవతలి పిల్లకు ఒక్క గేమూ ఇవ్వకుండా అరగంట చిల్లరలో ఫైనల్ ముగించేసిందని చదివి, తన పొయ్యి మీద కందిపప్పు ఉడికేలోపు అక్కడ కప్పు చేతికిచ్చేశారన్న మాట అనుకుంది.

ఇన్ని తెలిసిన మనిషి ఒక్క ఫైనల్‌ను కూడా మొదటి నుంచి చివరిదాకా చూడలేదు. ఊళ్లోకి కేబుల్ వచ్చాక మూడేళ్లుగా ఆశ పెట్టుకుంది. మొదటి యేడు ఒక సెట్టు కాగానే చుట్టాలు దిగారు. రెండో యేడు కరెంటు పోయింది. మూడో యేడు బట్టీ దగ్గరి నుంచి ఆరుగురికి అన్నం పంపమని కబురొచ్చింది. అన్నం వార్చి వచ్చేసరికి తెర మీద కప్పు పట్టుకుని గ్రాఫ్ నవ్వుతోంది. ఎందుకు నవ్వుతోందో, ఎంతలో గట్టెక్కిందో మర్నాటి పేపరు చెప్పాల్సి వచ్చింది.

తొంభై ఆరు జూన్ ఎనిమిదో తేదీ శనివారం గ్రాఫ్‌కు, సాంచెజ్‌కు ఫైనల్. పెళ్లయ్యాక ఇరవై మూడోది. ఇది మాత్రం మొత్తం చూసి తీరాలనుకుంది. వారం ముందు నుంచే బేరాలు మొదలుపెట్టింది. కేబుల్ హనుమండ్లు, "చిన్నమ్మా, జనం సిన్మా పెట్టుమంటుండ్రు, గా బంతాట ఎవలు సూస్తరు?" అన్నాడు. కొత్త మామిడికాయ తొక్కు చిన్న జాడీ ఒకటి చేతికొచ్చేసరికి జనం అతనికి గుర్తురాలేదు. అంట్లు తోమే బుచ్చవ్వతో ఆదివారం సెలవు ఇస్తానని చెప్పి శనివారం సాయంత్రం త్వరగా రమ్మంది. పొద్దున నాలుగింటికి లేచి, రాత్రి భోజనం కూడా మధ్యాహ్నానికే వండి మూతలు పెట్టింది. అత్తకు మోకాళ్లకు నూనె రాసే పని కూడా ముందే ముగించింది.

బేరం కుదరనిది ఒక్క భర్తతోనే. ఆయనకు ఏమివ్వజూపాలో ఆమెకు ఎప్పుడూ తోచలేదు. కొనేవాడికి ముందు సరుకు కనపడాలి. వేడి నీళ్లు, ఉతికిన ధోవతి, వేళకు అన్నం, ఇరవై రెండేళ్లుగా ఆయన ముందు ఉన్నవే. గాలి వచ్చినట్టు, వెలుతురు వచ్చినట్టు అవీ వస్తున్నాయని ఆయన నమ్మకం. గాలికి ఎవరు బదులిస్తారు? పొద్దున పేపరు చదువుతుంటే, "ఇయ్యాల సాయంత్రం ఎవలని తోలుకరాకుండ్రి" అంది. "ఆఁ" అన్నాడు. ఆ 'ఆఁ' పేపరుకా, తనకా అన్నది తేలలేదు.

సాయంత్రం టీవీ ముందు పీట వేసుకుని కూచుంది. వెనక మంచం మీద అత్త. పారిస్‌లో నీకెవరున్నారని అడిగిన ఆ అత్తే ఇప్పుడు జపమాల పక్కన పెట్టి చూస్తుంది. దానికీ ఒక కారణం ఉంది. ఆ స్టేడియానికి ఉన్న పేరు ఆటగాడిది కాదని, యుద్ధంలో చనిపోయిన విమానం నడిపే మనిషిదని ఒకసారి ప్రమోదిని చెప్పింది. "ఆట ఆడనోని పేరెందుకు పెట్టుకున్నరు?" అని విద్యాసాగర్‌రావు వెటకారం చేశాడు. ప్రమోదిని బియ్యం కొలుస్తూ, "మన బట్టీ మీద మామ పేరున్నది. పెట్టింది అత్తమ్మ మెడల గొలుసమ్మి గదా" అంది. ఆయన లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత జూన్ వస్తే తారాబాయి, "ఎప్పుడే నీ పారిసు?" అని తనే అడగడం మొదలుపెట్టింది.

మొదటి సెట్టు గ్రాఫ్ గెలిచింది. సెట్టు కాగానే ఇద్దరు మనుషులు పెద్ద వల ఈడ్చుకుంటూ కోర్టంతా ఊడ్చారు. తారాబాయి కళ్లద్దాలు సవరించుకుంది.

"మొగోళ్లేనా, ఊడ్చేది?"

"మొగోళ్లే."

"ఇగ సూడు! అందరు సూస్తుంటే ఊడుస్తుండ్రు. సిగ్గు గూడ లేదు." అని పైట నోటికడ్డం పెట్టుకుని దగ్గొచ్చేదాకా నవ్వింది.

ఇంకోసారి అంపైరు ఎత్తు కుర్చీ దిగివచ్చి, మట్టి మీదికి వంగి చూశాడు. ఏం వెతుకుతున్నాడని అత్త అడిగింది. బంతి గీత లోపల పడ్డదా, బయట పడ్డదా అని గుర్తు చూస్తున్నాడని ప్రమోదిని చెప్పింది. "మంచిగున్నది. వట్టి మాటతోని పోదన్నట్టు" అంది అత్త. ప్రమోదినికి తన చేతులకేసి చూసుకోవాలనిపించింది. పొద్దున్నుంచి ఏం చేశావని ఎవరైనా అడిగితే, వంగి చూపించడానికి ఏముంది? కడిగిన గిన్నె కడిగినట్టే ఉంటుంది. అందులో వండిన జాడ ఉంటే అది మురికి కిందే లెక్క. ఎంత బాగా చేస్తే అంతగా ఆనవాలు లేకుండా పోయే పని తనది.

రెండో సెట్టు టైబ్రేక్‌లో గ్రాఫ్ ముందుండి కూడా వదిలేసుకుంది. టైబ్రేక్ లేని మూడోది మొదలయింది. తారాబాయి సాంచెజ్ పక్షం. "గా పొట్టిపిల్ల ఇడువది సూడు, ఏడకేసినా ఉరికొస్తుంది." పొట్టిపిల్ల నిజంగానే విడవలేదు. అయిదు-నాలుగు చేసి, ఇంకొక్క గేము గెలిస్తే కప్పు తనదే అన్న చోట సర్వీసుకు నిలబడింది.

అప్పుడు గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. విద్యాసాగర్‌రావు, వెంట ఒక పెద్దమనిషి.

"ప్రమోదినీ, గా టీవీ బంద్ చెయ్. దయాకర్‌రావు సార్ వచ్చిండు, శ్రీరాంపూర్ క్లబ్ సెక్రటరీ. మన ఇటుక పొడి కావాల్నట, వాళ్ల టెన్నిస్ కోర్టుకు."

దయాకర్‌రావు అప్పటికే తెర వైపు చూస్తున్నాడు. "అరే, ఫైనల్ నడుస్తుందా! బంద్ చెయ్యకుండ్రి. స్కోరెంత?"

విద్యాసాగర్‌రావు ముఖం ఒక్క క్షణంలో మారింది. "కూసోండ్రి సార్, కూసోండ్రి. మా ఇంట్ల టెన్నిస్ అంటే అందరికి పాణం." కుర్చీ జరిపి టీవీకి ఎదురుగా వేశాడు. ఆ కుర్చీ వేసిన చోటు ప్రమోదినిది. ఆమె పీటతో సహా పక్కకు జరిగింది. "సార్ చూస్తడు తీయ్. నువ్వు పోయి చాయ్ పెట్టు."

ప్రమోదిని కాళ్లు వాటంతటవే సర్దుకున్నాయి, లేవడానికి. ఇరవై రెండేళ్ల అలవాటు మోకాళ్లలో ఉంటుంది. అప్పుడే ఆమెకు లెక్క కళ్లముందు పరుచుకుంది. తను చూస్తే పిచ్చి, వచ్చిన పెద్దమనిషి చూస్తే ఆట. తన కోసమైతే బంద్ చేయాలి, ఆయన కోసమైతే నడవాలి. కరెంటు ఉంది, హనుమండ్లు మాట తప్పలేదు, పప్పు వండి ఉంది, అత్త మోకాళ్లు సుఖంగా ఉన్నాయి. అన్ని దారులూ ముందే కాసింది. మిగిలింది ఒక్క మాట. అది బేరంతో వచ్చేది కాదు. అనాలి, అంతే.

"నేను చూస్తున్న" అంది.

కోపంగా అనలేదు. స్నానం చేస్తున్నాను, ఇప్పుడు రాలేను అన్నంత మామూలుగా అంది. చూపు తెర మీదే ఉంది.

"ఏంది?"

"చూస్తున్న గదా. పాలు జాలి అల్మార్ల ఉన్నయి."

దయాకర్‌రావు ఇబ్బందిగా కదిలాడు. "చాయ్ ఫికర్ వద్దు సార్, ఇప్పుడే తాగిన."

"గట్లెట్ల? మా ఇంటికొచ్చి చాయ్ తాగకుంట పోతరా?" అన్నాడు విద్యాసాగర్‌రావు. అని, తను అన్న మాటలోనే తను చిక్కుకుని నిలబడిపోయాడు. తల్లి వైపు చూశాడు.

"నా దిక్కేం సూస్తవ్, కొడుకా?" అంది తారాబాయి. "గిన్నెలేమన్న కరుస్తయా? పో. నాగ్గూడ సగం గిలాసు పొయ్యి."

ఆయన వెళ్లాడు. సాంచెజ్ ఆ గేము పోగొట్టుకుంది. అయిదు-అయిదు.

వంటింట్లోంచి కేకలు. "చాయ్‌పత్తి ఏడున్నదే?" ప్రమోదిని పాయింటు అయ్యేదాకా ఆగి, "పై అరల, ఎర్ర డబ్బల" అంది. "చక్కెర?" మళ్లీ పాయింటు అయ్యాకే జవాబు. "దాని పక్కకే." పాలు పొంగిన వాసన వచ్చింది. ఆమె కదల్లేదు. పారిస్‌లో ఏడు-ఆరు. పొట్టిపిల్ల రెండోసారి కప్పు అంచుదాకా వచ్చి మళ్లీ వెనక్కి జారింది.

"గ్రాఫ్ గెలిస్తే ఇది నాలుగోది గదా ఈడ?" అన్నాడు దయాకర్‌రావు, తనలో తనే అన్నట్టు.

"అయిదోది సార్. ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది, తొంభై మూడు, పోయిన యేడు. గెలిస్తే గిది."

ఆయన మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "మా కోర్టు వానపడంగనే బురదైతుందమ్మా. ఎన్నిసార్లు పొడి పోసినా గంతే" అన్నాడు.

"సగం కాలిన ఇటుకలు దంచి పోసిండ్రు కావచ్చు. తడిస్తే మల్ల మట్టే అయితది. ముదురు కాలిన పెంకు, ఇటుక దంచి జల్లించాలె. కింద రాయి పొడి పరిచి, మీద పలుచగ జల్లాలె."

"గీ సంగతి ఎవలు చెప్పిండ్లు నీకు?"

"ఇరవై రెండేండ్ల సంది చదువుతున్న. పైగ బట్టీ మా ఇంటిదే గదా."

విద్యాసాగర్‌రావు పళ్లెంలో నాలుగు గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఈ మాటలు విన్నాడు. చొక్కా మీద పాల మరకలు. "నీదిగో" అని నాలుగో గ్లాసు ఆమె ముందు పెట్టాడు. చక్కెర ఎక్కువైంది. అయినా ఆ ఇంట్లో ఒకరు చేసి చేతికిచ్చిన చాయ్ ప్రమోదిని తాగడం అదే మొదలు. మధ్యలో ఆపకుండా చివరి చుక్కదాకా తాగింది.

పది-ఎనిమిది. మూడు గంటల పైచిలుకు ఆట. గ్రాఫ్ గెలిచింది. ప్రమోదిని కప్పు ఇవ్వడం చూసింది, ఓడినామె ముఖం చూసింది, ఇద్దరి మాటలూ అర్థమైనంత మేరకు విన్నది. ఇక చూడ్డానికి ఏమీ లేదనిపించేదాకా కూచుంది. పొట్టిపిల్లకు అన్యాయం జరిగిందని తారాబాయి సణుగుతూ జపమాల అందుకుంది. దయాకర్‌రావు లేస్తూ, "పొడి ఎట్లుండాల్నో సోమవారం వచ్చి అమ్మను అడిగి రాసుకుంట" అని చెప్పి వెళ్లాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి చుట్టూ పాలు పొంగి ఎండిపోయాయి. చక్కెర డబ్బా మూత లేకుండా ఉంది. గట్టు మీద పొద్దుటి నుంచి ఆమె వండి పెట్టిన గిన్నెలు వరుసగా మూతలతో ఉన్నాయి. వాటిని చూస్తూ నిలబడింది. ఒక్క సాయంత్రం తనకు కావాలని పొద్దున నాలుగింటికి లేచింది, ఊరంతటికీ తాయిలాలు పంచింది. ఎవరూ ధర చెప్పలేదు. అడగకుండానే తనే చెల్లించింది. ఇరవై రెండేళ్లూ చెల్లిస్తూనే వచ్చింది. బాపుకు తెలిస్తే నవ్వేవాడు, తన సరుకునే తను కొనుక్కున్న బిడ్డను చూసి. ఆమెకూ నవ్వే వచ్చింది. బాధ కాదు, బేరంలో మోసపోయింది తన చేతిలోనేనని తెలిసిన నవ్వు.

విద్యాసాగర్‌రావు వెనక వచ్చి నిలబడ్డాడు. "అయిపోయింది గదా నీ పారిసు?"

"రేపు మొగోళ్లది ఉన్నది. అది గూడ చూస్త."

"మల్ల నాలుగింటికి లేచి వండుతవా?"

"వండ."

"మరెట్ల?"

ఆమె చక్కెర డబ్బాకు మూత పెట్టింది.

"ఇయ్యాల చాయ్ ఎట్లయిందో, గట్లనే."