ఒక్క కప్పు గరాటు

“నీకిష్టమైన పనే కదా, ఇంకో నాలుగు కప్పులు పెడితే ఏం పోయింది?” అన్నాడు భర్త గుమ్మంలోంచే, బూట్లు కూడా విప్పకుండా. చంకలో ఓ పెద్ద అట్టపెట్టె. వెనకాలే ఆఫీసు స్నేహితులు ముగ్గురు, సొంతింటికి వచ్చినంత ధీమాగా లోపలికొచ్చి సోఫాలో సర్దుకున్నారు. ఆమె అప్పుడే పనిలోంచి వచ్చి, మొహం కడుక్కుని, కాఫీ గింజలు పొడిచేసే చేతిమర అందుకుందో లేదో.

పోయిందేమిటో ఆమెకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ నోరు పెగల్లేదంతే.

ఆమె పనిచేసేది కళ్ళద్దాల దుకాణంలో. అద్దం అంచు అరగదీసి ఫ్రేములో బిగించడం ఆమె పని. చెయ్యి కాస్త అదిరితే అద్దం పెళుక్కుమంటుంది. అంత పనితనం ఉన్న మనిషిని, కాస్త పెద్దమనిషిలా కనిపించేవాడు గుమ్మం ఎక్కితే చాలు, యజమాని పని మధ్యలోంచి లేపుతాడు. “అమ్మా, సార్‌కి కాస్త కాఫీ!” పక్కనే ఇద్దరు మగవాళ్ళు ఖాళీగా ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. వాళ్ళకి కాఫీ పెట్టడం రాదట! వేడినీళ్ళలో పొడి కలపడానికి కూడా అదేదో పుట్టుకతో రావాలన్నట్టు. ఇక ఇంట్లో సరేసరి. భర్తకి చక్కెర దండిగా, అత్తగారికి అసలు లేకుండా. ఇద్దరికీ ఇచ్చి, తన గ్లాసు పొయ్యి పక్కన పెట్టుకుని, ఒకరికి తువ్వాలు, ఒకరికి మాత్రలు అందించి వచ్చేసరికి అది మీగడ కట్టి వెక్కిరిస్తూ ఉండేది. పెళ్ళయ్యాక వేడి కాఫీ తాగిన గుర్తే లేదు మహాతల్లికి.

ఒకరోజు దుకాణం నుంచి వస్తుంటే వాన పట్టుకుంది. గింజలు వేయించి అమ్మే కొట్టు చూరు కింద నిలబడితే, కొట్టావిడ లోపలికి పిలిచి ఓ కప్పు చేతిలో పెట్టింది. పాలు లేవు, చక్కెర లేదు. మొదటి గుక్క చేదు. రెండోదానికి నాలుక పక్కన సన్నగా పులుపు. చల్లారుతున్నకొద్దీ తీపి!

“ఇందులో ఏం కలిపారండీ?”

“ఏమీ కలపకపోతే ఇలా ఉంటుందమ్మా.”

అంతే, పిచ్చి పట్టింది. చేతిమర, పింగాణీ గరాటు, అందులో వేసి వడకట్టే కాగితాలు, కొంగమెడ లాంటి ముక్కున్న కెటిల్, అరచేతిలో పట్టే త్రాసు, ఒక్కొక్కటే కొనుక్కుని వంటింటి మూల అరలో పేర్చుకుంది. “ఆ మందులకొట్టు ఏమిటే?” అంది అత్తగారు. “మీ కోడలు లక్కపిడతలు పెట్టి ఆడుకుంటోందిలే” అని నవ్వాడు భర్త. నవ్వితే నవ్వారు గానీ ఎవరూ అందులో వేలు పెట్టలేదు. అదే పదివేలు అనుకుంది ఆమె.

సాయంత్రం ఇంటికి రాగానే మర తిప్పేది. గింజలు కరకరా నలుగుతుంటే ఆ బరువు మణికట్టుకి తెలిసేది. ఆఖరి గింజ కూడా నలగ్గానే పిడి తేలికైపోయి గిర్రున తిరిగేది. గరాటులో పొడి మీద ముందు కాసిని నీళ్ళే పోయాలి. పొడి ఉబ్బుతుంది, బుడగలు వదులుతుంది. అప్పుడు ఆగాలి. ఆ ఆగడం ఆమెకెంత నచ్చిందో! పొద్దున లేచింది మొదలు అందరూ కానీ కానీ అనేవాళ్ళే. కాసేపు ఊరికే నిలబడవే తల్లీ అని చెప్పింది ఈ పొడి ఒక్కటే. కొన్నాళ్ళు మరీ బరకగా ఆడించి నీళ్ళనీళ్ళగా చేసుకుంది. కొన్నాళ్ళు మరీ మెత్తగా ఆడించి విషంలా చేసుకుంది. పాడైనా ఆనందమే. కూరలో ఉప్పు ఒక చిటికెడు ఎక్కువైతే వారం రోజులు వినాలి, ఇక్కడ కాఫీ మొత్తం తగలేసినా అడిగే నాథుడు లేడు. మర్నాడు మర బిగువు మార్చి మళ్ళీ చేసుకునేది, అంతే.

అలాంటిది ఒక ఆదివారం భర్త వచ్చి ఆమె కప్పులోంచి ఓ గుక్క తాగాడు. “అబ్బ! ఇంత విద్య ఇన్నాళ్ళూ దాచావా?” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అదిగో, ఆ ప్రేమే కొంప ముంచింది. మనిషి చెడ్డవాడేం కాదు. పెళ్ళాన్ని చూసి మురిసిపోయాడు, నలుగురికీ చెప్పుకున్నాడు, నలుగురినీ వెంటబెట్టుకొచ్చాడు. మునగచెట్టు ఎక్కించడంలో వాళ్ళూ తక్కువ తినలేదు. గరాటు ఒక్క కప్పుదాయె. ఒకరికి పోసి, కాగితం మార్చి, మళ్ళీ మర తిప్పి ఇంకొకరికి పోసేసరికి మొదటాయన గ్లాసు ఖాళీ. “వదినగారూ, కాస్త చక్కెర?” “వదినగారూ, పాలు లేవా?” అందరిదీ అయ్యాక ఆమె వంతుకి గింజలుండవు, ఉన్నా చేతుల్లో సత్తువుండదు.

అదీ భరించేదేమో. కానీ మొన్న పనిలోంచి వస్తూ, ఇవాళ ఎవరైనా వస్తారేమోనని అనుకోగానే, కాఫీయే వద్దనిపించింది. ఆమెకి భయం వేసింది. ఒళ్ళు అలిసిపోవడం కొత్త కాదు. తనకంటూ ఉన్న ఒకే ఒక్క ఇష్టం కళ్ళముందే చచ్చిపోతుంటే చూస్తూ ఊరుకోవడమా?

ఇప్పుడు భర్త అట్టపెట్టె విప్పాడు. లోపల కుండంత గాజు కూజా, దాని మీద పెద్ద గరాటు.

“చూశావా? ఒక్కదానివే అవస్థ పడుతున్నావని తెచ్చాను. ఒక్కసారి పోస్తే అందరికీ అయిపోతుంది.”

“బావుంది. మీరు పెట్టండి” అంది ఆమె.

స్నేహితులు పగలబడి నవ్వారు, హాస్యం అనుకున్నారు పాపం.

“నాకేం వచ్చు? నీకైతే ఇష్టం...”

“ఇష్టమేనండీ. అందుకే పెట్టను. ఇష్టం లేని పనులు ఈ ఇంట్లో బోలెడున్నాయి, అవన్నీ నోరు మూసుకుని చేస్తూనే ఉన్నాను. ఈ ఒక్కటీ నాకు వదిలెయ్యండి.”

గొంతు పెంచలేదు. కోపంగానూ అనలేదు. నవ్వులు మాత్రం టక్కున ఆగిపోయాయి. ఆమె గింజలు తూచుకుంది, మర తిప్పింది, కాసిని నీళ్ళు పోసి ఆగింది. ధార తొణకలేదు. ఒక్క కప్పు. అది పట్టుకుని హాల్లోకొచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, వాళ్ళందరి ముందే తాగడం మొదలుపెట్టింది.

భర్త మొహం ఎర్రబడింది. కూజా తీసుకుని వంటింట్లోకి నడిచాడు. మూతలు కిందపడ్డ చప్పుడు. “నీళ్ళు ఎంత పొయ్యాలి?” అని అరిచాడు. “చూసుకోండి, కుదిరేదాకా పాడుచెయ్యండి. నేనూ అలాగే నేర్చుకున్నా” అంది ఆమె, కుర్చీలోంచి లేవకుండానే. స్నేహితుల్లో ఒకాయన మొహమాటంగా లేచి సాయానికి వెళ్ళాడు.

అప్పుడొచ్చింది అత్తగారు తన గదిలోంచి. నలభై ఏళ్ళు ఈ ఇంటి పొయ్యి ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్ళందరికీ వండివార్చి, ‘ఆవిడ చేతి వంటే వంట’ అనిపించుకున్న మనిషి. కొడుకు వంటింట్లో తంటాలు పడుతుంటే చూసి వచ్చి, కోడలి పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇక తిట్లకి సిద్ధపడి కోడలు కప్పు గట్టిగా పట్టుకుంది.

అత్తగారు వంటింటి వైపు చూసింది.

“పెళ్ళికి ముందు నాకూ వంటంటే భలే ఇష్టంగా ఉండేదే” అంది.